బండిలో పెద్దపిల్ల చోటు ఎక్కడ?

రెండో కాన్పు దగ్గరపడుతోందంటే ఇంగ్లండులో ఉన్న మనవాళ్ళ ఇళ్ళల్లో ఒక చర్చ తప్పకుండా మొదలవుతుంది. పుష్‌చైర్ ఒంటిది కొనాలా, జంటది కొనాలా? జంటదైతే సీట్లు పక్కపక్కన ఉండాలా, ముందూ వెనకా ఉండాలా? మా ఇంట్లో ఈ చర్చ రెండు నెలలు నడిచింది. మావారు ఆఫీసు పనిలాగే ఓ పట్టిక తయారుచేశారు. బరువు, వెడల్పు, ధర, మడతపెట్టడానికి పట్టే టైము, అన్నీ అందులో ఉన్నాయి. నాకేమో అసలు ఈ బండి ఎవరి కోసం పుట్టింది, దీన్ని ఎవరు తోసేవారు అన్నదాని మీదకి మనసు పోయింది. చరిత్ర చదివితే బండి కొనడం తేలికవుతుందా అంటారేమో. మాకైతే అయింది.

పిల్లల బండి కథని 1733తో మొదలుపెట్టడం ఆనవాయితీ. విలియం కెంట్ అని ఇంగ్లండులో పేరున్న భవన శిల్పి, తోటలు కూడా ఆయనే తీర్చేవాడు. డెవన్‌షైర్ మూడో డ్యూక్ పిల్లల కోసం గవ్వ ఆకారంలో ఒక చిన్న బండి చేసిపెట్టాడు. దాన్ని లాగడానికి మేకనో, పొట్టి గుర్రాన్నో కట్టేవారు. అంటే అది రాజభవనం తోటలో పిల్లల షికారు కోసం చేసిన ముచ్చట. అమ్మకి పని తేలిక చేసే ఆలోచన అందులో లేదు. అమ్మకి ఆ పని ఉంటే కదా!

తరవాత మనుషులు లాగే బండ్లు వచ్చాయి. లాగేవాళ్ళు ముందు, బిడ్డ వెనక. బిడ్డ పడినా, ఏడ్చినా వెనక్కి తిరిగితేగాని తెలియదు. 1853లో లండన్‌లో చార్లెస్ బర్టన్ అనే ఆయన వెనక నుంచి తోసే మూడు చక్రాల బండికి పేటెంటు తీసుకున్నాడు. దాని పేరు పెరాంబులేటర్. అదే నోట్లో నలిగి 'ప్రామ్' అయింది. లాగడం పోయి తోయడం రావడం చిన్న మార్పులా కనిపిస్తుందిగానీ, బిడ్డ కళ్ళ ముందుకి వచ్చింది అప్పుడే. అయితే ఆ తొలి బండ్లలో పిల్లలు కూర్చోవాలి. మెడ నిలవని పసికందుకి అందులో చోటు లేదు. పడుకోబెట్టే తొట్టి లాంటి బండ్లు ఆ శతాబ్దం చివరి పాతికేళ్ళలో బాగా వాడుకలోకి వచ్చాయి. మేముండే లీడ్స్‌లోనే 1877లో విలియం విల్సన్ అనే ఆయన పెట్టిన సిల్వర్ క్రాస్ కంపెనీ, గుర్రపు బగ్గీల్లాంటి స్ప్రింగులతో ఈ తొట్టి బండ్లకి పెద్ద పేరు తెచ్చింది.

ఆ పెద్ద ప్రామ్‌లలో నాకు నచ్చిన ఏర్పాటు ఒకటుంది. పరుపు కింద అడుగుభాగం గుంటలా ఉండేది. పైన చెక్కలు పరిస్తే పసిబిడ్డకి పక్క. మధ్య చెక్క తీసేస్తే కాస్త ఎదిగిన పిల్లలు కాళ్ళు గుంటలోకి వేలాడేసి కూర్చోవచ్చు. ఇంట్లో ఎన్ని కాన్పులు జరిగినా ఒకటే బండి. ఇప్పుడు 'ఒంటిది జంటగా మారే బండి' అని గొప్పగా అమ్ముతున్నదానికి ఇది ముత్తవ్వ అన్నమాట.

కానీ ఈ బరువంతా తోసిందెవరు? ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో జీతానికున్న ఆయా. మన దేశంలోనూ దొరల బంగళాల్లో ప్రామ్ తోసింది ఆయాలే. మరి లేనివాళ్ళ ఇళ్ళల్లో? ఇక్కడే నాకు గుండె కలుక్కుమంది. తోసింది, ఎత్తుకున్నది ఆ ఇంటి పెద్దపిల్ల. ఎనిమిదేళ్ళదో, తొమ్మిదేళ్ళదో. తల్లి ఇళ్ళల్లో పనికో, బట్టలుతకడానికో పోతే చిన్నవాళ్ళని చూసుకునే ఈ పిల్లల్ని 'చిట్టి తల్లులు' అనేవారట. ఇంగ్లండులో 1880లో చట్టం చేసి 5 నుంచి 10 ఏళ్ళ పిల్లలు బడికి రావడం తప్పనిసరి చేశాక, ఆడపిల్లలు బడి మానడానికి ఎక్కువగా చెప్పిన కారణాల్లో 'ఇంట్లో పాపాయిని చూసుకోవాలి' అన్నది ఒకటి. మన ఊళ్ళల్లో చంకలో తమ్ముణ్ణి వేసుకుని బడి గుమ్మం దగ్గర నిలబడ్డ అక్కని మనలో చూడనివాళ్ళెవరు?

ఆలోచిస్తే విచిత్రంగా ఉంటుంది. 'పసిబిడ్డకి, పెద్దపిల్లకి కలిపి బండి' అని ఈవేళ మనం వెతుకుతున్నాం. చాలా కాలం ఆ పెద్దపిల్ల బండెక్కే మనిషి కాదు. ఆ బండికి చేతులే తను.

పెద్దపిల్లలు బడికి పోయారు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత సామాన్యమైన ఇళ్ళల్లో జీతగత్తెలూ కనుమరుగయ్యారు. ఇక మిగిలింది అమ్మ ఒక్కతే. చంటివాడు, నడిచీ నడవని పెద్దది, బజారు సంచి, అన్నీ రెండు చేతుల్లోకి వచ్చాయి. ప్రామ్ పైన అంచుకి అడ్డంగా తగిలించే చిన్న సీటు ఆ రోజుల్లో ఇక్కడ వీధుల్లో మామూలు దృశ్యం. చిన్నది లోపల పడుకుంటే పెద్దది పైన కూర్చుని ఊరేగేది.

అంత పెద్ద ప్రామ్ బస్సెక్కదు, మెట్లెక్కదు. దాన్ని మార్చింది ఓ తాతగారు. ఓవెన్ మెక్లారెన్ విమానాల ఇంజనీరు. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం చక్రాల అమరిక మీద పనిచేసినవాడు. కూతురు మాస్కో నుంచి మనవరాలితో, పెద్ద బండితో ప్రయాణం చేసి వచ్చి పడ్డ అవస్థ చూసి, విమానంలో చక్రాలు మడుచుకున్నట్టే గొడుగులా మడిచే అల్యూమినియం బండి తయారుచేశాడు. 1965లో పేటెంటుకి పెట్టి, 1967లో అమ్మకానికి తెచ్చాడు. బరువు మూడు కిలోల లోపే! ఒక చేత్తో బిడ్డ, ఒక చేత్తో బండి. ఒంటరి అమ్మ కోసం పుట్టిన మొదటి బండి ఇదే అనిపించింది నాకు. కాకపోతే దానిది వంగిన గుడ్డ సీటు. పసికందుకి పనికిరాదు. అంటే ఆ చేతిలో ఒక బిడ్డకే లెక్క సరిపోయింది. రెండో బిడ్డ మాట రాలేదు.

మడతకి ఇంకో సంగతి ఉంది. 2009లో అమెరికాలో ఆ కంపెనీ దాదాపు 10 లక్షల బండ్లకి మడత కీళ్ళ మీద తొడుగులు ఇవ్వాల్సి వచ్చింది. పిల్లల వేలికొసలు తెగిన ఘటనలు అప్పటికి 12 నమోదయ్యాయి. చంటివాణ్ణి ఎత్తుకుని బండి విప్పుతుంటే పక్కన చెయ్యిపెట్టేది ఎవరు? సాయం చేద్దామని వచ్చే పెద్దదే. అందుకే షాపులో బండి చూసినప్పుడు నేను ముందు చూసింది కీళ్ళు.

బస్సు సంగతి చెప్పకపోతే ఇక్కడి కథ పూర్తికాదు. నేల కిందికి ఉన్న బస్సులు వచ్చాక వీల్‌చైర్ కోసం ఒక చోటు కేటాయించారు. ఖాళీగా ఉంటే అక్కడ పుష్‌చైర్లు నిలపనిస్తారు. 2012 ఫిబ్రవరిలో వెదర్‌బీ నుంచి లీడ్స్ వెళ్ళే బస్సు ఎక్కబోయిన డగ్ పౌలీ అనే వీల్‌చైర్ ప్రయాణికుడికి ఆ చోటు దొరకలేదు. అక్కడ నిద్రపోతున్న బిడ్డతో ఒకావిడ ఉంది. బండి మడత పడదు అంది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఊరికే ఒకసారి అడిగి వదిలేస్తే డ్రైవరు బాధ్యత తీరదని 2017 జనవరిలో తీర్పు వచ్చింది. ఆ కేసు చదువుతూ నేను ఇద్దరి వైపూ నిలబడి చూశాను. ఆయనకి ఆ చోటు తప్ప వేరే దారి లేదు. నాకు ఉండాలి, ఉండేలా చూసుకోవాల్సింది నేనే. ఇద్దరు పిల్లలతో, ఒక్కదాన్ని, నిమిషంలో మడవలేని బండి నాకొద్దు అని ఆరోజే అనుకున్నాను.

ఇప్పుడు దొరికేవి నాలుగు రకాలు. పక్కపక్క సీట్లవాటిలో ఇద్దరూ సమానం, కొట్లాడుకున్నా ఒకళ్ళ మొహం ఒకళ్ళకి కనిపిస్తుంది. కానీ మా పాత ఇంటి గుమ్మం 74 సెంటీమీటర్లు, చూసినవాటిలో సగం అందులో పట్టవు. ముందూ వెనకా సీట్లవి గుమ్మంలో పడతాయి. చాలావాటిలో ఒక సీటు కింద అంతస్తులో ఉంటుంది. నిన్నటిదాకా బండికి రాణిలా ఉన్న పిల్లని తమ్ముడు వచ్చీ రాగానే కింద అంతస్తుకి దింపడం నాకు మనసొప్పలేదు. ఒంటి బండి వెనక తగిలించే చక్రాల పలక మీద పెద్దవాళ్ళు నిలబడి రావచ్చు. మూడేళ్ళ పిల్లలకి భేషుగ్గా ఉంటుంది. మా పాపకి రెండేళ్ళ మూడు నెలలు, మధ్యాహ్నం నిద్రొస్తే నిలబడలేదు. నాలుగోది అవసరాన్నిబట్టి రెండో సీటు తగిలించుకునే బండి. మంచిదేగానీ ధర చూస్తే కళ్ళు తిరిగాయి.

వీడియోలో ఈ గొడవంతా విని తెనాలిలో మా అత్తగారు, "ఇద్దరికీ తోపుడుబండి ఎందుకమ్మా, పెద్దదాన్ని నేనెత్తుకోనూ?" అన్నారు. ఆవిడ మాటలో నిజముంది. మనకి ఈ బండి అవసరం పడకపోవడానికి ఫుట్‌పాత్‌లు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. చంకలు ఉన్నాయి. నాయనమ్మ చంక, పిన్ని చంక, పక్కింటి అత్తయ్య చంక. ఆ చంకలు లేనిచోట దుకాణంవాడు రెండో సీటు అమ్ముతాడు.

దాంతో మావారి పట్టికలో లేని గడి ఒకటి నేను కలిపాను. చేతులెన్ని? సోమవారం నుంచి శుక్రవారం దాకా రెండే. శని, ఆదివారాలు నాలుగు. ఆ లెక్కతో తేలిపోయింది. సీటు పూర్తిగా వెనక్కి వాలి పసికందుకి చదునుగా పక్క అయ్యేది, ఒక చేత్తో మడతపడేది, తేలికైన ఒంటి బండి ఒకటి తీసుకున్నాం. వెనక నిలబడే పలక. చిన్నాణ్ణి గుండెకి కట్టుకునే గుడ్డ జోలె ఒకటి. వాడి మొహం నాకు కనిపిస్తూ, గడ్డం గుండెకి ఆనకుండా ఉండేలా కట్టుకోవడం నేర్చుకున్నాను. పెద్దది హుషారుగా ఉంటే పలక మీద, చిన్నాడు బండిలో. దానికి నిద్రొస్తే బండి దానిది, వాడు నా గుండె మీదకి. మా ఇంట్లో సీటు ఎవరికీ రాసివ్వలేదు, నిద్రొచ్చినవాళ్ళది.

అందరికీ ఇదే సరిపడుతుందని కాదు. కవలలుంటే జంటది తప్పదు. నడుంనొప్పి ఉన్నవాళ్ళు, సిజేరియన్ నుంచి తేరుకుంటున్నవాళ్ళు జోలె జోలికి పోకుండా రెండో సీటు కొనుక్కోవడమే మేలు. కారులోనే తిరిగేవాళ్ళకి మడత కంటే డిక్కీ కొలత ముఖ్యం. కానీ ఎవరు ఏది కొన్నా, షాపుకి వెళ్ళేముందు మీ గుమ్మం కొలవండి, మీ వారంలో రోజులు లెక్కపెట్టండి, ఏ రోజు ఎన్ని చేతులున్నాయో చూసుకోండి. అప్పుడు సీట్ల సంగతి దానంతటదే తేలుతుంది.