కోదండం – సింగిణి: విల్లు చరిత్రలో కర్ర సాక్ష్యం

ఏటా హనుమజ్జయంతి ఊరేగింపు బయలుదేరే గౌలిగూడ రామమందిరం హైదరాబాదు వాసులకు సుపరిచితం. అటువంటి సందర్భాలలో మనకు కనిపించే శ్రీరాముని పటాలలో విల్లు కొనలు తరచుగా ముందుకు వంగి, పిడి లోనికి నొక్కుకొని ఉంటాయి. ఒంటికర్ర విల్లులో ఆ వంపు ఎక్కువకాలం నిలవడం కష్టం. కర్ర, కొమ్ము, నరాలను జిగురుతో అతికి చేసిన విల్లుకు అది సహజమైన ఆకృతి. తెలుగులో దానికి ‘సింగిణి’ అన్న పేరుంది. సంస్కృత ‘శార్ఙ్గం’ వలెనే ఇదీ కొమ్మును సూచించే పదమే.

ఇక్కడొక చిక్కు ఉన్నది. అర్థశాస్త్రంలోని ఆయుధాగార ప్రకరణం తాటి, చాపం అనే వెదురు, దారువు, కొమ్ము అని నాలుగు పదార్థాలను, కార్ముకం, కోదండం, ద్రూణం, ధనుస్సు అని నాలుగు పేర్లను చెబుతుంది. వీటిని వరుసగా అన్వయిస్తే, శామశాస్త్రి తన 1915 నాటి ఆంగ్లానువాదంలో చేసినట్లు, కోదండం వెదురు విల్లవుతుంది. అంటే పేరు వెదురుది, పటంలోని రూపు కొమ్ముది. పర్యాయపదాలుగా మనం వల్లించే మాటలు ఒకప్పుడు వేర్వేరు పనితనాలకు గుర్తులు కావచ్చు.

ఆ పనితనం నిప్పుతో ముడిపడినది. వెదురును సెగకు మెత్తబరచి, వంచి, చల్లారేవరకు పట్టి ఉంచితే ఆ రూపు నిలుస్తుంది. పలక నుండి తీసే విల్లుకైతే కర్ర రేఖలు కొన నుండి కొనకు తెగకుండా సాగాలి. రేఖ పక్కకు జారిపోయిన చోటనే అది విరుగుతుంది. విల్లు వంగినపుడు వెలుపలి ముఖం సాగుతుంది, విలుకాని వైపు ముఖం నొక్కుకుంటుంది. సెగ లోపలి ముఖానికే పెట్టాలి. అందువల్ల నొక్కుడును తట్టుకొనే బలం పెరుగుతుంది, దానితోపాటు పెళుసుదనమూ పెరుగుతుంది. కనుకనే వెలుపలి ముఖాన్ని కాల్చరు. సెగ పెట్టిన కర్రను వెంటనే ఎక్కుపెట్టరాదు. గాలిలోని తేమను తిరిగి పీల్చుకొనే వ్యవధి దానికి కావాలి.

ఈ జ్ఞానం శాసనాలకు ఎక్కేది కాదు. హైమెన్‌డార్ఫ్ 1943లో ప్రచురించిన చెంచుల అధ్యయనం వంటి రచనలు, నల్లమల వృద్ధుల జ్ఞాపకాలే దీనికి దారులు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట నేరమైన పిదప విల్లు చేయవలసిన అవసరమే సన్నగిల్లింది. కొమ్ము విల్లు రూపు శిల్పంలోనైనా మిగిలింది. కర్ర విల్లును చెద తిన్నది. శిల్పాలను వర్ణించే పరిశోధకులు ‘కోదండం’ అని ఊరుకోక, కొనల వంపును, పిడి తీరును విడిగా నమోదు చేస్తే పేరుకూ రూపుకూ గల ఈ ఎడం ఎప్పటినుండి ఏర్పడిందో వెతకడం సాధ్యమవుతుంది.