అయిదు వేల గీత: రుద్రూర్ పొలం గట్టు నుంచి నేరాల వర్గీకరణ, అరెస్టు అధికారం

నాట్లకు సిద్ధమైన మడి పక్కన బోరు మోటారు కాపర్ వైరును రాత్రికి రాత్రి ఎవరో కోసుకుపోయారనుకుందాం. రుద్రూర్, వర్ని, కోటగిరి రైతులకు ఇది కొత్త బాధ కాదు. పోయిన సొత్తు విలువ 6,000 రూపాయలైతే పోలీసులు ఎఫ్‌ఐఆర్ రాసి నేరుగా దర్యాప్తులోకి దిగవచ్చు. అదే 4,500 అయితే? 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత మొదటి షెడ్యూలు 5,000 లోపు దొంగతనాన్ని నాన్‌కాగ్నిజబుల్ (పోలీసులు సొంతంగా దర్యాప్తు చేయలేని, వారెంటు లేకుండా అరెస్టు చేయలేని), బెయిలబుల్ నేరాల వరుసలో చేర్చింది. 174వ సెక్షన్ ప్రకారం ఠాణాలో ఫిర్యాదు సారాంశం రాసుకుని, బాధితుణ్ని మేజిస్ట్రేటు దగ్గరికి పంపాలి. మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే దర్యాప్తు లేదు.

ఈ గీత వెనక ఉన్న ఉద్దేశం మంచిదే. మొదటిసారి చిన్న దొంగతనం చేసి, సొత్తు తిరిగి ఇచ్చినవాణ్ని జైలుకు పంపకుండా సమాజసేవతో సరిపెట్టాలని భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ చెబుతోంది. కానీ సొత్తు ధరతోనే నేరాన్ని కొలిస్తే పల్లెకు అన్యాయం జరుగుతుంది. వైరు ధర తక్కువే కావచ్చు. అది లేక నాలుగు రోజులు నీళ్లు అందకపోతే పోయేది నారుమడి. ఆ నష్టం షెడ్యూలు లెక్కలోకి రాదు. కాబట్టి ఫిర్యాదులో వైరు పొడవు, స్టార్టర్, ఫ్యూజులు, పోయిన ప్రతి వస్తువు ధర విడివిడిగా రాయడం, ఉంటే బిల్లు జతచేయడం రైతుకు అవసరం.

దెబ్బలాటల్లోనూ ఇదే తేడా. కాలువ నీళ్ల దగ్గర మాటామాటా పెరిగి చేయి చేసుకుంటే న్యాయ సంహిత 115(2) కింద నాన్‌కాగ్నిజబుల్. కొడవలితో గాయపరిస్తే 118(1) కింద కాగ్నిజబుల్. రెండూ ఒకే ఘటనలో ఉంటే మొత్తం కేసు కాగ్నిజబుల్‌గానే నడుస్తుంది.

అయితే కాగ్నిజబుల్ అనగానే అరెస్టు తప్పదన్న నమ్మకం ఊళ్లలో గట్టిగా పాతుకుపోయింది. ఇది సరికాదు. వారెంటు లేకుండా అరెస్టు చేసే అధికారం ఉండటం వేరు, అరెస్టు అవసరం కావడం వేరు. ఈ సంగతినే సుప్రీంకోర్టు 1994లో జోగిందర్ కుమార్ కేసులో చెప్పింది, 2014 జులై 2న అర్నేష్ కుమార్ తీర్పులో మరింత గట్టిగా చెప్పింది. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో పారిపోతాడనో, సాక్షుల్ని బెదిరిస్తాడనో, ఆధారాలు చెరిపేస్తాడనో పోలీసులు కారణం రాయాలి. అరెస్టు చేయకపోయినా కారణం రాయాలి. అవసరం లేదనుకుంటే నాగరిక్ సురక్షా సంహిత 35(3) కింద నోటీసు ఇచ్చి పిలవాలి. మూడేళ్ల లోపు శిక్ష పడే కేసులో నిందితుడు 60 ఏళ్లు దాటినవాడో, జబ్బుతో నీరసించినవాడో అయితే డీఎస్పీ స్థాయి అధికారి ముందస్తు అనుమతి ఉండాలి. రుద్రూర్ ఉన్న నిజామాబాద్ కమిషనరేట్‌లో ఆ స్థాయి ఏసీపీది.

ఈ రక్షణలన్నిటినీ పక్కకు నెట్టే దారి ఇంకొకటి ఉంది. అది 1986 నాటి ముందస్తు నిర్బంధ (పీడీ) చట్టం. తెలంగాణలో ఉద్యోగాల పేరుతో మోసం చేశాడన్న ఆరోపణ ఉన్న ఒక వ్యక్తిని ఆ చట్టం కింద నిర్బంధిస్తే, 2022 ఏప్రిల్ 4న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. మామూలు శాంతిభద్రతల సమస్య వేరు, ప్రజాజీవనాన్నే కుదిపే అలజడి వేరని తేల్చి చెప్పింది. బెయిలు వచ్చిన మనిషిని మళ్లీ లోపల పెట్టడానికి ముందస్తు నిర్బంధాన్ని వాడటం నేరాల వర్గీకరణకే అర్థం లేకుండా చేస్తుంది.

రుద్రూర్ పాఠకులు ఇవి గుర్తుంచుకోవాలి. 35(3) నోటీసు అందితే చెప్పిన రోజున హాజరు కండి. హాజరవుతూ ఉన్నంతకాలం, ప్రత్యేక కారణాలు రాస్తే తప్ప, ఆ నేరంలో అరెస్టు చేయకూడదు. అరెస్టే చేస్తే కారణాలు మీకు తెలిసిన భాషలో రాతపూర్వకంగా అడగండి. ఇంట్లోవాళ్లకు కబురు చేయించండి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి.