నైనియప్ప వ్యవహారం: పుదుచ్చేరి చెప్పే న్యాయపాఠం

తీర్పు చెప్పేవారిని బాహ్యప్రభావాల నుండి కాపాడటం ప్రతి న్యాయవ్యవస్థకూ పరీక్షయే. జ్యూరీ పద్ధతి గల దేశాలలో జ్యూరీ సభ్యులు కేసును గూర్చి ఇతరులతో ముచ్చటించరాదు, పత్రికలలోని వార్తలు చదువరాదు. అవసరమైతే వారిని విడిగా బస చేయిస్తారు. 1959లో బొంబాయి నానావతి కేసులో, పత్రికల హోరు నడుమ జ్యూరీ నిర్దోషియని తేల్చగా హైకోర్టు దానిని త్రోసిపుచ్చింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి చోటు లేకపోయింది.

అయితే ఒత్తిడి వెలుపలి నుండియే రానక్కరలేదు. పుదుచ్చేరిలో ఫ్రెంచి కంపెనీ ప్రధాన దళారి నైనియప్పను 1716లో గవర్నరు ఎబేర్ నిర్బంధించాడు. అక్కడ జ్యూరీ లేదు. గవర్నరు అధ్యక్షతన గల మండలియే విచారణ జరిపింది. నైనియప్ప పట్ల వైరం వహించిన జెస్యూట్ల ప్రధానోపదేశకుని కుమారుడే దుబాసీ. కొరడాదెబ్బలు, జరిమానా, కారాగారం శిక్షలైనవి. 1717లో నైనియప్ప చెరలోనే మరణించాడు. కుమారుడు గురువప్ప ఫ్రాన్సుకేగి మొరపెట్టుకొనగా, అనంతరం ఆ తీర్పు రద్దయినది.

జ్యూరీ గది తలుపులు మూయవచ్చు. ఆరోపించినవాడే న్యాయపీఠమెక్కినచోట మూసిన తలుపులు ఎవరిని కాపాడగలవు?