తార్నాకలో తేలిన సంగతి

హైదరాబాదు బహదూర్‌పురాలో మా ఉస్తాద్ వెల్డింగ్ షెడ్డు వేసేనాటికి జూపార్కు ఇంకా కొత్త. 1963లో తెరిచారు దాన్ని. అప్పట్లో మా దగ్గరికొచ్చే పనంతా మామూలు ఇనుమే: కిటికీ గ్రిల్లులు, గేట్లు, తోపుడుబండ్లు. రాడ్డు పొగలో మాంగనీసు ఉంటుందని మాకెవరూ చెప్పలేదు. మాకు తెలిసింది జీఐ పైపు జ్వరం ఒక్కటే. జింకు పూత కాలి తెల్లపొగ లేచిన రాత్రి చలి పుట్టి ఒళ్లు కాలేది, మర్నాటికి దిగిపోయేది. ఉస్తాద్ బెల్లంముక్క చేతిలో పెట్టేవాడు. తగ్గిపోయే జ్వరానికే భయపడ్డాం.

తర్వాత జనానికి మెరిసే రెయిలింగుల మీద మోజు పుట్టింది, ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) రాడ్డు వచ్చింది. అందులో క్రోమియం, నికెల్ ఉంటాయి. ఆ వేడికి క్రోమియంలో కొంత క్యాన్సర్ తెచ్చే రూపానికి మారి పొగలో కలుస్తుంది. మైక్రాన్‌కన్నా సన్నని ఆ నలుసుల్ని ముక్కుకు కట్టిన రుమాలు ఆపలేదు.

ఈ పొగ హాని ఎక్కడో పరదేశంలో మాత్రమే తేలిన సంగతి కాదు. మూసీ అవతల, తార్నాకలోని ఐఐసీటీ (భారత రసాయన సాంకేతిక సంస్థ) శాస్త్రజ్ఞులు దక్షిణాదిలో ఒక వెల్డింగ్ ప్లాంటు కార్మికులు 57 మందిని పరీక్షించి 2003లో ఫలితాలు వెల్లడించారు. రక్తం చూసిన 28 మందిలో లీటరుకు నికెల్ సగటున 123 మైక్రోగ్రాములు, క్రోమియం 131. ఈ పని చేయనివాళ్లలో రెండూ 17 దగ్గరే. రక్తంలో క్రోమియం ఎక్కువున్నవాళ్లలో వీర్యకణాలు తక్కువగా కనిపించాయి. మరుసటి ఏడాది 102 మంది వెల్డర్ల కణాల్లో డీఎన్‌ఏ దెబ్బతిన్నదనీ చూపించారు.

ఆ అంకెలు చదివినప్పుడు నాకు మా పనివాళ్ల భార్యలు గుర్తొచ్చారు. పిల్లలు కలగలేదని మాటలు పడింది వాళ్లే. మగవాణ్ణి పరీక్షకు తీసుకుపొమ్మన్నవాళ్లు లేరు.

1989లో వెల్డింగ్ పొగ వల్ల క్యాన్సర్ రావచ్చు అని ఊరుకున్న అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, 2017లో వస్తుందని తేల్చి మొదటి వర్గంలో చేర్చింది. మన 1948 ఫ్యాక్టరీల చట్టం మాంగనీసు విషాన్ని, క్రోమ్ పుండ్లను డాక్టరు సర్కారుకు తెలపాల్సిన జబ్బుల్లో రాసింది. అయితే కరెంటు వాడే చోట పదిమంది పనిచేస్తేనే ఫ్యాక్టరీ అంది. మా షెడ్డులో ఉన్నది ఉస్తాద్, నేను, ఇంకో పిల్లాడు. తనిఖీకి ఎవరొచ్చేవారు?

ఉస్తాద్ ఆఖరి ఏళ్లు ఎగఊపిరితోనే గడిచాయి. ఆస్పత్రి చీటీలో బీడీ తాగుతాడా అని రాసుకున్నారు. ఏం పని చేశాడని అడగలేదు. ఆయన వెంట వెళ్లినవాణ్ణి నేనే. దగ్గుతో వచ్చిన ప్రతి మనిషినీ ఆ ప్రశ్న అడగమని డాక్టర్లను వేడుకుంటున్నాను.