బొమ్మ పెడితే బొమ్మ పడుద్ది: స్కైలాండర్స్ కథ

ముందు నా చేతిలో ఉన్న దీన్ని ఒకసారి చూడండి. అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ బొమ్మ. సగం చేప, సగం మనిషి. చేతిలో ఈటెలు వదిలే తుపాకీ ఉంది. దీని పేరు గిల్ గ్రంట్.

2013 వేసవి సెలవుల్లో మా పిన్ని వాళ్ళు డల్లాస్ నుంచి విజయవాడలో అమ్మమ్మ వాళ్ళింటికి వచ్చారు. పిన్ని కొడుక్కి అప్పుడు 9 ఏళ్ళు. నన్ను చిన్నన్న అని పిలుస్తాడు. తిరిగి వెళ్ళిపోయే రోజు ఈ బొమ్మ నా చేతిలో పెట్టి, "చిన్నన్నా, ఇది నువ్వే" అన్నాడు. అందరం నవ్వాం. "నువ్వే కాదురా, నీదే అనాలి" అని పిన్ని సరిదిద్దింది. వాడు ఇంకేదో చెప్పబోయాడు. ఈలోగా కారు వచ్చేసింది, సామాన్ల గోలలో పడిపోయాం.

మా ఇంట్లో గేమ్ కన్సోల్ లేదు. బొమ్మ టీవీ పక్కన నిలబడిపోయింది. తర్వాతి సంక్రాంతికి అమ్మమ్మ బొమ్మల కొలువు పెడుతుంటే, కొండపల్లి దశావతారాల్లో మత్స్యావతారం తోక విరిగి ఉంది. ఆవిడ గిల్ గ్రంట్‌ని తెచ్చి ఆ చోట నిలబెట్టేసింది. పేరంటానికి వచ్చినవాళ్ళు దండం పెట్టుకున్నారు కూడా!

అంటే నా దగ్గర తాళంచెవి ఉంది, తలుపు లేదు అన్నమాట. ఆ తలుపు ఏంటి, దాన్ని ఎవరు కట్టారు, ఎందుకు మూసేశారు? ఇదే ఈ రోజు మన ఎపిసోడ్.

మనకి సినిమా మొదలైతే "బొమ్మ పడింది" అంటాం కదా. ఈ గేమ్‌లో నిజంగానే బొమ్మ పెడితే బొమ్మ పడుద్ది. టీవీ ముందు ఒక గుండ్రటి పీట ఉంటుంది. దాన్ని పోర్టల్ ఆఫ్ పవర్ అంటారు. దాని మీద బొమ్మ పెట్టగానే పీట వెలుగుతుంది, అదే బొమ్మ టీవీలో ప్రాణంతో దూకుతుంది. బొమ్మ తీసేస్తే టీవీలోంచి మాయం. కథ కూడా దానికి తగ్గట్టే రాసుకున్నారు. కేయాస్ అనే విలన్ దెబ్బకి వీరులందరూ తమ లోకం నుంచి భూమ్మీదకి వచ్చిపడి, చిన్న బొమ్మలుగా గడ్డకట్టిపోయారు. వాళ్ళని వెనక్కి పంపాల్సింది మీరే. మిమ్మల్ని పోర్టల్ మాస్టర్ అంటారు.

ఈ గేమ్ పేరు స్కైలాండర్స్: స్పైరోస్ అడ్వెంచర్. 2011 అక్టోబర్‌లో వచ్చింది. తయారు చేసింది కాలిఫోర్నియాలోని టాయ్స్ ఫర్ బాబ్ అనే చిన్న స్టూడియో. 1989లో పాల్ రీష్, ఫ్రెడ్ ఫోర్డ్ మొదలుపెట్టారు. గేమ్స్ చరిత్ర తెలిసినవాళ్ళు 1992లో వచ్చిన వాళ్ళ స్టార్ కంట్రోల్ 2 గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. 2005లో ఆ స్టూడియోని యాక్టివిజన్ కొనేసింది. 2008లో వివెండి గేమ్స్ కూడా యాక్టివిజన్‌లో కలవడంతో, స్పైరో అనే ఊదారంగు డ్రాగన్ పాత్ర వాళ్ళ చేతికి వచ్చింది. 1998లో ప్లేస్టేషన్ మీద పుట్టి పిల్లలకి బాగా నచ్చిన పాత్ర అది. దాంతో కొత్తగా ఏదైనా చెయ్యండి అన్నారు.

ఇక్కడ ఇద్దరి గురించి చెప్పాలి. ఐ-వే హువాంగ్ అనే ఆర్టిస్ట్ ఖాళీ టైమ్‌లో ఆవిరితో నడిచే బుల్లి రోబోలు చేసేవాడు. రాబర్ట్ లేలాండ్ అనే ప్రోగ్రామర్‌కి ఎలక్ట్రానిక్స్ పిచ్చి. ఒకరికి బొమ్మలు, ఇంకొకరికి సర్క్యూట్లు. ఆఫీసు పనికి సంబంధం లేని ఆ రెండు హాబీలు కలిసి బొమ్మని, పీటని తయారు చేశాయి. మన ఇళ్ళల్లో "ఈ పిచ్చి పనులు మానేసి చదువుకో" అంటారు చూడండి, ఇక్కడ ఆ పిచ్చి పనే ప్రాజెక్టు అయ్యింది. యాక్టివిజన్ వాళ్ళకి ఇంకో ఏడాది టైమ్ కూడా ఇచ్చింది.

బొమ్మని గేమ్‌తో కలపడం వీళ్ళే మొదట చేశారా అంటే, కాదు. 2007లోనే మాటెల్ యూబీ ఫంకీస్ అని అమ్మింది. బొమ్మని కంప్యూటర్‌కి తగిలించిన హబ్‌లో గుచ్చితే గేమ్‌లో కొత్త చోట్లు తెరుచుకునేవి. స్కైలాండర్స్ వేసిన అసలైన అడుగు వేరే. అది నా లాంటి ఇంజనీర్లకి ముచ్చటేసే విషయం.

బొమ్మ అడుగున చిన్న ఆర్‌ఎఫ్‌ఐడీ చిప్ ఉంటుంది. బ్యాటరీ లేదు. పీటలో ఉన్న తీగచుట్ట నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రమే చిప్‌కి కరెంటు ఇస్తుంది. పని చేసేది 13.56 మెగాహెర్ట్జ్ మీద. మెట్రో గేటు దగ్గర కార్డు ఆనించి లోపలికి వెళ్తాం కదా, అదే జాతి టెక్నాలజీ. కారు అద్దం మీది ఫాస్టాగ్ కూడా ఆర్‌ఎఫ్‌ఐడీయే గానీ, దాని ఫ్రీక్వెన్సీ వేరు. అది కొన్ని మీటర్ల దూరం నుంచి చదివేస్తుంది, ఇది ఆనిస్తేనే.

ఆ చిప్‌లో చోటు ఎంతో తెలుసా? 1 కేబీ. 1024 బైట్లు, అంతే. ఫ్యామిలీ గ్రూప్‌లో పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ ఫోటో ఒక్కటే దీనికి వంద రెట్లు ఉంటుంది.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు ప్రతి డిజైన్ మీటింగ్‌లో ఒకటే గొడవ: యూజర్ డేటా ఎక్కడ దాచాలి? సర్వర్‌లోనా, ఫోన్‌లోనా? స్కైలాండర్స్ వాళ్ళు మూడో చోటు ఎంచుకున్నారు. బొమ్మలోనే దాచేశారు. లెవెల్, సంపాదించిన డబ్బు, నేర్చుకున్న విద్యలు, పెట్టుకున్న టోపీ, మీరు పెట్టుకున్న ముద్దుపేరు, అన్నీ ఆ 1 కేబీలోకి వెళ్తాయి. మీ ఇంట్లో నింటెండో వీ ఉంది, ఫ్రెండ్ ఇంట్లో ప్లేస్టేషన్ ఉంది. బొమ్మని జేబులో వేసుకుని వెళ్తే చాలు, మీ హీరో మీరు పెంచినట్టే అక్కడ కూడా లేస్తాడు. లాగిన్ లేదు, పాస్‌వర్డ్ లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు.

ఇక రెండో వైపు కూడా చూడాలి. బొమ్మలో గేమ్ ఉండదు. గిల్ గ్రంట్ ఆకారం, నడక, గొంతు అన్నీ మీరు ముందే కొన్న డిస్క్‌లో ఉన్నాయి. బొమ్మ చేసేది తాళం తియ్యడమే. మొదటి ప్యాక్ సుమారు 70 డాలర్లు. గేమ్, పీట, 3 బొమ్మలు వస్తాయి. వాటితో కథ మొత్తం ఆడుకోవచ్చు, అది నిజమే. కానీ దారిలో 8 రకాల శక్తుల పేరుతో గేట్లు కనిపిస్తుంటాయి. నీటి గేటు నీటి బొమ్మకే తెరుచుకుంటుంది, నిప్పు గేటు నిప్పు బొమ్మకే. ప్యాక్‌లో వచ్చిన ముగ్గురిదీ మాయ, టెక్, నీరు. మిగతా 5 గేట్ల కోసం తక్కువలో తక్కువ ఇంకో 5 బొమ్మలు కొనాలి. ఒక్కోటి దాదాపు 8 డాలర్లు. అంటే ఇంకో 40 డాలర్లు. మూసిన గేటు ముందు నిలబడ్డ పిల్లాడు పక్కన కూర్చున్న నాన్న మొహం చూస్తాడు. ఆ చూపు మీదే వ్యాపారం నడిచింది.

బాగానే నడిచింది. 2015 నాటికి 25 కోట్లకి పైగా బొమ్మలు, 300 కోట్ల డాలర్ల పైన అమ్మకాలు. అంత డబ్బు కనిపిస్తే మిగతావాళ్ళు ఊరుకుంటారా? 2013 ఆగస్టులో డిస్నీ ఇన్ఫినిటీ దిగింది. 2014 నవంబర్‌లో నింటెండో అమీబో, 2015 సెప్టెంబర్‌లో లెగో డైమెన్షన్స్. ఎవరి బొమ్మలు వాళ్ళవే.

స్కైలాండర్స్ ఏటా ఒకటి వదిలింది. 2012లో జెయింట్స్, 2013లో స్వాప్ ఫోర్స్, తర్వాత ట్రాప్ టీమ్, సూపర్‌చార్జర్స్, 2016లో ఇమాజినేటర్స్. పాత బొమ్మలు కొత్త గేమ్‌లో పనిచేస్తాయి. కొత్త బొమ్మలు పాత గేమ్‌లో పనిచెయ్యవు, ఎందుకంటే వాటి బొమ్మ పాత డిస్క్‌లో లేదు! కాబట్టి ఏటా కొత్త డిస్క్, కొత్త గిమ్మిక్, ఒక్కోసారి కొత్త పీట కూడా. ఇళ్ళల్లో బుట్టలు నిండిపోయాయి. దుకాణాల్లో అరలు నిండిపోయాయి.

ఇందులో ఒక విచిత్రం ఉంది. గిటార్ హీరో గుర్తుందా, ప్లాస్టిక్ గిటార్‌తో ఆడే గేమ్? అదీ యాక్టివిజన్‌దే. వెంటవెంటనే వదిలి వదిలి, జనానికి మొహం మొత్తాక 2011 ఫిబ్రవరిలో ఆపేశారు. అదే ఏడాది అక్టోబర్‌లో స్కైలాండర్స్ వచ్చింది. ఒక ప్లాస్టిక్ కథ ముగిసిన 8 నెలలకే ఇంకో ప్లాస్టిక్ కథ, అదే దారిలో.

ముందు పడిపోయింది మాత్రం డిస్నీ. 2016 మేలో ఇన్ఫినిటీని ఆపేస్తున్నామని ప్రకటించింది. లెక్కల్లో 14.7 కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది. సాల్ట్ లేక్ సిటీలో ఆ గేమ్ చేసిన అవలాంచ్ స్టూడియోని మూసేసింది. దాదాపు 300 మంది ఉద్యోగాలు పోయాయి. లేఆఫ్ అనే మాట మన వాట్సాప్ గ్రూపుల్లో ఎంత భయపెడుతుందో మీకు తెలుసు. అయితే 2017లో వార్నర్ బ్రదర్స్ ఆ స్టూడియోని కొని మళ్ళీ తెరిచింది. 2023లో హాగ్వార్ట్స్ లెగసీ చేసింది ఆ స్టూడియోనే!

2017లో లెగో డైమెన్షన్స్ ఆగింది. ఇమాజినేటర్స్ తర్వాత కన్సోల్ మీద కొత్త స్కైలాండర్స్ రాలేదు. 2018లో యూబీసాఫ్ట్ స్టార్‌లింక్ అనే గేమ్‌తో బొమ్మ ఓడలు అమ్మింది. అవి కొనకుండా డిజిటల్‌గా కూడా ఆడుకోవచ్చంది. మరి బొమ్మ ఎందుకు? 2019లో కొత్త బొమ్మలు ఆపేసింది. నిలబడింది అమీబో ఒక్కటే. దానికి వేరే పీట కొనక్కర్లేదు, రీడర్ కన్సోల్‌లోనే ఉంటుంది. ఆడకపోయినా అరలో అందంగా ఉంటుంది. ఇక టాయ్స్ ఫర్ బాబ్ కొన్నాళ్ళు కాల్ ఆఫ్ డ్యూటీకి సాయం పనులు చేసి, 2024లో విడిగా స్వతంత్ర స్టూడియో అయ్యింది.

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. అసలు ఈ వీడియో చెయ్యాలనిపించింది ఎందుకో చెప్తాను.

ఆ మధ్య నేను 3 ఏళ్ళు ఆడిన ఒక ఫోన్ గేమ్ మూతపడింది. పేరు చెప్పను. సర్వర్ ఆపేశారు, నా హీరోలు, నా లెవెల్స్ అన్నీ గాలికి పోయాయి. యాప్ నొక్కితే కనెక్షన్ ఎర్రర్. ఆ చిరాకులో ఉండగా అమ్మమ్మ ఇంట్లో కొలువు పెట్టెలో గిల్ గ్రంట్ కనిపించాడు. ఫోన్‌లో ఎన్‌ఎఫ్‌సీ రీడర్ యాప్ తెరిచి బొమ్మ అడుగున ఆనించాను. ఫోన్ టక్ మంది. 1 కేబీ చిప్, బతికే ఉంది.

హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో నింటెండో వీ, డిస్క్, పీట కొన్నాను. పీట మీద బొమ్మ పెట్టాను. నీలంగా వెలిగింది. చేపన్న టీవీలోకి దూకాడు. లెవెల్ 10. ఆ గేమ్‌లో అదే ఆఖరి లెవెల్. అంటే మా తమ్ముడు వీడితో నెలల తరబడి ఆడాడు. వాడు పెట్టిన ముద్దుపేరు కోసం చూశాను. ఇంగ్లీష్ అక్షరాల్లో ఉంది. చిన్నన్న.

"ఇది నువ్వే." వాడి తెలుగు ఆ రోజు తప్పు కాదు. సరిదిద్దిన మనమే తప్పు. ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి కనిపించే అన్న పేరు తన హీరోకి పెట్టుకుని, పూర్తిగా పెంచి, తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని 12 ఏళ్ళు మత్స్యావతారంగా నిలబెట్టాను.

ఈ మాట ఏ సర్వర్‌లో ఉన్నా ఇప్పటికి చెరిగిపోయేది. ఎవరో ఆఫీసులో కూర్చుని ఖర్చు ఎక్కువైందని స్విచ్ ఆపేసేవాళ్ళు. అమ్ముకోవడానికి పెట్టిన తాళమే కావచ్చు, కానీ ఆ తాళంచెవిలో పిల్లాడి ఆట దాచాలని ఎవరో ఇంజనీర్లు అనుకున్నారు. కంపెనీ వదిలేసినా ఆ ఒక్క నిర్ణయం ఇంకా పనిచేస్తోంది.

అలా అని శాశ్వతం కాదు. ఈ రకం చిప్‌లో డేటా నిలిచి ఉండటానికి తయారీదారు ఇచ్చే హామీ 10 ఏళ్ళు. మాది ఆ గడువు దాటేసింది. కానీ చిప్ మీద మళ్ళీ రాస్తే, రాసిన చోట ఆ లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. రాయాలంటే ఆడాలి. ఆడితేనే బతుకుతుంది అన్నమాట.

మా తమ్ముడికి ఇప్పుడు 21 ఏళ్ళు. వీడియో కాల్‌లో స్క్రీన్ చూపిస్తే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అన్నా, నేను అప్పుడే చెప్పా కదా" అన్నాడు. డిసెంబర్‌లో వస్తున్నాడు. ఇద్దరం కలిసి ఆడతాం.

మీ ఇంట్లో కూడా అటక మీద ఇలాంటిదేదైనా ఉంటే, పాత బొమ్మో, గేమ్ క్యాసెట్టో, మెమరీ కార్డో, పారేసే ముందు ఒకసారి ఆన్ చేసి చూడండి. అందులో ఎవరి పేరు ఉందో కింద కామెంట్లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.