మోటుపల్లి రేవును అభయశాసనమును

కృష్ణానది సముద్రమును గలయు తావునకు నైరృతిగా, నిజాంపట్టణము మొదలుకొని చినగంజాము దాఁక వ్యాపించిన తీరభూమి నేఁడు బాపట్ల జిల్లాలోనిది. ఈ జిల్లా 2022వ సంవత్సరమున నేర్పడినది. ఇచ్చట సముద్రమున కడ్డముగాఁ గొండలు లేవు. ఓడలకుఁ జాటైన యఖాతము లేదు. కానవచ్చునవి యిసుక, తాడిచెట్లు, సరుగుడుతోఁపులు, జీడిమామిడితోఁటలు, ఉప్పుమళ్లు, వాని కావల మేరలేని నీరు. అయినను గాకతీయరాజ్యమునకు సముద్రద్వారమై చీనా మొదలు పారసీకసముద్రము వఱకు వర్తకు లెఱిఁగిన మోటుపల్లి రేవు ఈ యిసుకలోనే యుండెను. ప్రకృతి యే సహాయమును జేయని చోట నంతటి రేవెట్లు నిలిచెనను ప్రశ్నకు సమాధానము చాలవఱకు నొక శాసనమునందుఁ గలదు.

ఈ తీరమునకు వచ్చు యాత్రికులు సాధారణముగాఁ జూచునవి బాపట్లకుఁ జేరువనున్న సూర్యలంకయు, చీరాలకుఁ జేరువనున్న వాడరేవును. సూర్యలంక సముద్రస్నానమునకుఁ బ్రసిద్ధము. శీతకాలపుఁ గడపటి మాసములలో సముద్రపుఁ దాబేళ్లు రాత్రివేళ నీ తీరమెక్కి, యిసుకను ద్రవ్వి గ్రుడ్లు పెట్టి, మరల నీటిలోనికిఁ బోవును. అటవీశాఖవారు ఆ గ్రుడ్లను గాపాడి, పిల్లలను సముద్రమున విడుచుచుందురు. వాడరేవు జాలరుల స్థానము. ఓడరేవను మాటయే వాడుకలో వాడరేవైనది. ఓడ వాడ యగుట వాడబలిజ యను కులనామమునందును గానవచ్చును. చీరాల పేరాలల ప్రజలు 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున నూరు విడిచి రామనగరను పేర వెలుపలఁ గాపురముండిన సంగతి యెల్లరెఱిఁగినదే. వేటపాలెమున 1918లో స్థాపింపఁబడిన సారస్వతనికేతన గ్రంథాలయము పరిశోధకులకు నేఁటికిని యాత్రాస్థలమే. ఇవన్నియుఁ జూచినవారిలో మోటుపల్లికిఁ బోవువారు మిక్కిలి యరుదు.

మోటుపల్లి చినగంజాము మండలములో నొక పల్లె. అచ్చటఁ గోదండరామస్వామి యాలయమును, వీరభద్రస్వామి యాలయమును గలవు. వీరభద్రాలయపు మంటపస్తంభముననే కాకతి గణపతిదేవుని యభయశాసనమున్నది. దాని కాలము శాలివాహనశకము 1166 క్రోధి, అనఁగా క్రీ. 1244-45. దేశమున శాసనములు వేలకొలఁది కలవు. వానిలోఁ బెక్కు భూదానములను, దీపారాధనకు గొఱ్ఱెలను, అగ్రహారములను దెలుపునవి. దేవునికిఁ గాని బ్రాహ్మణునికిఁ గాని కాక, పేరెఱుఁగని పరదేశపు నావికుని కొక రాజిచ్చిన మాటను ఱాతిపైఁ జెక్కించిన శాసనము లత్యల్పములు. ఇది యట్టిది.

దాని సారాంశమిది: ఒక దేశమునుండి మఱియొక దేశమునకు బయలుదేరిన యోడలు గాలివానచేఁ గొట్టఁబడి, పగిలి, తీరమునఁ బడినప్పుడు వానిలోని బంగారము, ఏనుఁగులు, గుఱ్ఱములు, రత్నములు మున్నగు సర్వమును బూర్వరాజులు బలాత్కారముగాఁ గైకొనుచుండిరి. ప్రాణముకంటె ధనమే యెక్కుడని తలఁచి సముద్రయానమను మహాసాహసమునకుఁ బూనినవారికి, దయచేతను, కీర్తికొఱకును, ధర్మముకొఱకును, నియతమైన సుంకము తక్కఁ దక్కినదంతయు గణపతిదేవుఁడు విడిచిపెట్టెను. ఆ సుంకము ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొక పాలు.

ఇచ్చట నొక పాఠవిచారము గలదు. సుంకమును దెలుపు పదమును క్ఌప్తశుల్కమని కొందఱును, కూపశుల్కమని కొందఱును వ్రాయుచున్నారు. పాఠశాలాపుస్తకములలో రెండవదే వ్యాప్తమైనది. కూపకమనఁగా నోడనడిమి స్తంభమని నిఘంటువులు చెప్పుచున్నవి కావునఁ గూపశుల్కమన నోడ కింతయని కొను సుంకమని యర్థము కుదిరినట్లే తోఁచును. కాని శాసనసందర్భమున కది పొసఁగదు. సుంకము ముప్పదవ వంతని చెప్పిన పిమ్మట శాసనము చందనమునకింత, కర్పూరమునకింత, ముత్యములకింత యని సరకుల వరుసను దెలుపుచున్నది. సుంకము సరకుపైఁ గాని స్తంభముపైఁ గాదు. క్ఌప్తమనునది కృప్ ధాతువునుండి పుట్టినది. ఆ ధాతువు రేఫమునకుఁ బాణినీయమున లకారాదేశము విధింపఁబడినది. ఏర్పఱుపఁబడినది, నియతమైనది యని దాని యర్థము. శిల్పి చేతిలోను, లేఖకుని చేతిలోను ఌకారము నిలుచుట కష్టము. వ్రాఁతలో నరుదైన యచ్చు జాఱిపోయి, తెలిసిన కూపము దాని స్థానమున నిలిచియుండును. క్ఌప్తపాఠమే గ్రాహ్యము.

ఇది వైయాకరణుని వృథాకలహము కాదు. శాసనప్రాణమంతయు నీ విశేషణముననే యున్నది. గాలివానలో సర్వము పోఁగొట్టుకొన్నవానికిఁ దీరమున నిలిచిన యధికారి దయకంటె, ఆ యధికారి మీఱరాని యొక లెక్క యెక్కువ యాధారము. లెక్క ముందే తెలిసిన వర్తకుఁడు లాభనష్టములను దన యూరనే గణించుకొని యోడ నెక్కును.

గణపతిదేవుఁడు దీనిని క్రొత్తగాఁ గల్పించినాఁడని పలువురు మెచ్చుదురు. మెచ్చఁదగినదే, కాని ధర్మము పాతది. గాలివానకుఁ జిక్కిన నావను రాజు తండ్రివలె ననుగ్రహింపవలెననియు, నీటఁ దడిసిన సరకుపై సుంకము విడువవలెను లేదా సగము చేయవలెననియుఁ గౌటిలీయార్థశాస్త్రమున నావధ్యక్షప్రకరణము విధించినది. శాస్త్ర మొకటి చెప్పుచుండఁగా రాజులు మఱియొకటి చేయుచుండిరని గణపతిశాసనమే సాక్ష్యమిచ్చుచున్నది. గణపతిదేవుఁ డా శాస్త్రమును జూచెనో లేదో యెట్లున్నను, ఆయన యక్కఱయుఁ జిన్నది కాదు. ఓరుగల్లు సముద్రమునకు దూరము. గుఱ్ఱములు పరదేశమునుండి రావలెను. క్రీ. 1199లో రాజ్యమునకు వచ్చిన గణపతిదేవుఁడు వెలనాఁటిని, దివిసీమను లోఁబఱుచుకొని తీరమును జేఁజిక్కించుకొన్నను, ఓడలు రానిదే తీరమువలన లాభమేమి? దయ, కీర్తి, ధర్మము అని శాసనము చెప్పిన మూఁటికిఁ దోడు నాలవది చెప్పకయే తెలియుచున్నది. దానివలన మొదటి మూఁడును గొఱఁత వడవు.

శాసనమునఁ బేర్కొనఁబడిన సరకులు చందనము, దేశికర్పూరము, చీనాకర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, జవ్వాది, రాగి, తుత్తునాగము, సీసము, పట్టునూలు, పగడములు, మిరియములు, పోఁకలు మున్నగునవి. కర్పూరమును రెండుజాతులుగా వేఱుపఱిచి చెప్పుటచేతనే సుంకరుల కెంత సూక్ష్మజ్ఞాన ముండెనో తెలియును.

శాసనములలో నీ రేవునకు దేశ్యుయ్యకొండపట్టణమను పేరును గలదు. ఈ పేరు చూచి యిచ్చటఁ గొండను వెదకినవారికి నిసుకదిబ్బలే దొరకును. ఇది తెలుఁగు కొండ కాదు. ద్రవిడభాషలో ఉయ్య యనఁగా బ్రదుకునట్లు, కొండ యనఁగాఁ గైకొన్న. కలిసి, ఉద్ధరించిన యని యర్థము. చోళుల కాలమున ఉయ్యక్కొండాన్ అను బిరుదు ప్రసిద్ధము. దేశి యనునది దేశదేశములఁ దిరుగు వర్తకసంఘము పేరు. వర్తకసంఘముచే నుద్ధరింపఁబడిన పట్టణమని భావము. వెలనాఁటిపైఁ జోళాధిపత్యము నడచిన పండ్రెండవ శతాబ్దిప్రాంతమునఁ దెన్నాటి వర్తకు లిచ్చట నిలిచిన జాడ యీ పేరున నిలిచియున్నది.

చీనానుండి సముద్రమార్గమున మరలుచు, క్రీ. 1292-93 ప్రాంతమున నీ సముద్రములలోఁ బయనించిన వెనీసు వర్తకుఁడు మార్కోపోలో ముత్ఫిలి యను రాజ్యమును వర్ణించెను. అరబ్బీభాషలోఁ బకారము లేదు, టకారమును లేదు. పకారమును ఫకారముగాను, టకారమును దకారజాతీయమైన తకారముగాను వారు పలుకుదురు. మోటుపల్లి నావికుల నోట ముత్ఫిలి యగుట కీ సూత్రము చాలును. ఊరి పేరే రాజ్యమునకుఁ బెట్టుట పరదేశీయుల స్వభావము. వారు చూచినది వాకిలిని, చెప్పినది యింటి పేరుగా. అచ్చటి బట్ట సాలెగూడువలె సన్ననిదనియు, వజ్రములు దొరకుననియు నాతఁడు చెప్పినవి నమ్మఁదగినవి. పాములు నిండిన లోయలో మాంసపుముద్దలు వేయఁగా గ్రద్దలు వజ్రములంటిన మాంసమును దెచ్చునను కథ మాత్రము పలుదేశములఁ దిరిగిన పాతకథ.

ఆ దేశమునేలు రాణి భర్త పోయిన పిమ్మట నలువదేండ్లుగా రాజ్యము చేయుచున్నదని యాతఁడు చెప్పెను. ఈ రాణి రుద్రమదేవి యనుట నిశ్చయము. కాని రుద్రమదేవి గణపతిదేవుని కూఁతురు, భార్య కాదు. ఆమె పాలనమును నలువదేండ్లకు రాదు. అంతకంటె ముఖ్యమైన చిక్కు మఱొకటి. నల్లగొండ సీమలోని చందుపట్ల శాసనము 1289 నవంబరు నాఁటికి రుద్రమదేవి శివలోకప్రాప్తిఁ దెలుపుచున్నది. అట్లయిన మార్కోపోలో వచ్చునాఁటికి సింహాసనమునఁ బ్రతాపరుద్రుఁడుండవలెను. ఆతఁడు రేవున దిగి చూచినాఁడా, దారిలోఁ గలిసిన వర్తకుల మాటలను వ్రాసినాఁడా యను సందేహము దీనివలనఁ గలుగును. రెండవదే సంభావ్యము. ఓడలలోఁ దిరుగు వార్త సరకుధరల విషయమున సరికొత్తదిగను, రాజుల విషయమునఁ బాతదిగను నుండుట వింత కాదు.

కాకతీయరాజ్యము 1323లోఁ గూలినది. కొండవీటి రెడ్డిరాజగు అనపోతారెడ్డి శ. 1280, అనఁగా క్రీ. 1358లో, మోటుపల్లిలోనే మఱల నభయమిచ్చెను. ఈ శాసనము సంస్కృతాంధ్రములతోఁ బాటు ద్రవిడభాషలోను గలదు. ఎవరు చదువవలెనని వ్రాయించెనో దీనివలనఁ దెలియును. వచ్చి కాపురముండు వర్తకులను బలవంతముగా నిలుపఁబోమనియు, వారి సరకును వారిష్టము వచ్చినవారి కమ్ముకొనవచ్చుననియు, అపుత్రకదండము విడిచితిమనియు రాజు చెప్పెను. కొడుకు లేక చనిపోయినవాని సొత్తును రాజు గైకొనుట అపుత్రకదండము. దూరదేశమున మరణించు వర్తకునికి గాలివానకంటె నిది తక్కువ భయము కాదు. మఱల క్రీ. 1390లో విజయనగర రాజకుమారుఁడు దేవరాయలును నిచ్చట శాసనము వేయించెను. నూటయేఁబదేండ్లలోపల నొకే రేవున మూఁడు వంశములవారు మాట యిచ్చిరన్నమాట. దీనిని రేవు వైభవమునకుఁ బ్రమాణముగా నెన్నుట పరిపాటి. వేఱొక విధముగాను జూడవలెను: ముందిచ్చిన మాట నిలిచియున్నచో మఱల నిచ్చుట కవసర మేమి? రాజ్యము మాఱినప్పుడెల్ల సుంకరులు హద్దు మీఱిరనియు, ఓడలు రాక తగ్గెననియు నూహింపవచ్చును.

కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకు సుగంధద్రవ్యములఁ జేర్చిన అవచి తిప్పయసెట్టి, శ్రీనాథుని హరవిలాసమునకుఁ గృతిపతి. ఆ కావ్యావతారికలో నాతని యోడలు సరకు దెచ్చిన దేశముల పట్టిక గలదు. అందుఁ గర్పూరమునకుఁ జెప్పఁబడిన పంజారము సుమిత్రాద్వీపమున మార్కోపోలో చెప్పిన ఫన్సూరే. మోటుపల్లి ముత్ఫిలి యైన సూత్రమే యిచ్చటను బకారమును ఫకారముగాఁ జేసినది. కవి విన్న పేరు మూలమునకుఁ జేరువ. వెనీసువాఁడు విన్నది మధ్యవర్తుల యుచ్చారణ.

కొండవీటిరాజ్యము పోయిన పిమ్మట రేవు క్షీణించినది. గోలకొండవారి కాలమున వర్తకమంతయు మచిలీపట్టణమునకుఁ దరలెను. 1611లో నింగ్లీషువారు వచ్చినప్పుడు వారి యోడ యాఁగినది మోటుపల్లిని గాదు, పెద్దపల్లి యను నిజాంపట్టణమును, మచిలీపట్టణమును. పెద్దపల్లిని వారు పెటపోలి యని వ్రాసికొనిరి.

గాలివాన మాత్రము తీరమును విడువలేదు. 1977 నవంబరు 19వ తేదీ నాఁటి యుప్పెన దివిసీమయందు వేలకొలఁది జనులను బొట్టనఁ బెట్టుకొన్నది. కార్తికమునఁ గాని మార్గశిరమునఁ గాని యీ తీరమునకు వచ్చువారు, గణపతిదేవుఁడు చెప్పిన గాలి యేదో తెలియవలెనన్న, వాడరేవున జాలరులు పడవలను దిబ్బపైకి లాగి త్రాళ్లతో బిగించుట చూచినఁ జాలును.