ఖాలా మూతి ఎందుకు వంకరైంది?

నేను ఏడో తరగతిలో ఉండగా ఒక రోజు ఫజర్ వేళ మా ఖాలా వజూకి కూర్చుంది. పుక్కిలించడానికి నోట్లో నీళ్లు పోసుకుంటే అవి కుడి పక్క పెదవి మూల నుంచి కారిపోయాయి. మళ్లీ పోసుకుంది. మళ్లీ కారాయి. చలికి నోరు మొద్దుబారిందేమో అనుకుని నమాజ్ చదువుకుంది. తెల్లారాక చాయ్ తాగుతున్న ఖాలాను చూసి అమ్మీ తన చేతిలోని కప్పు కింద పెట్టేసింది. ఖాలా నవ్వితే సగం ముఖమే నవ్వుతోంది. కుడి కన్ను మూతపడటం లేదు.

"లఖ్వా మార్‌గయా" అంది నానీ.

ఆ మాటతో ఇంట్లో విచారణ మొదలైంది. ఏం చేయాలన్నది కాదు, సబబ్ ఏంటన్నది. రాత్రి కిటికీ తెరిచి పడుకుందా? అయితే హవా లగ్‌గయీ. తలస్నానం చేసి జుట్టు విరబోసుకుని మగ్రిబ్ వేళ చింతచెట్టు కింద నుంచి వచ్చిందా? అయితే సాయా. మొన్న షాదీలో కొత్త చీరలో అందరి కళ్లలో పడిందిగా? అయితే నజర్. ఎవరి సబబ్‌కు తగ్గ ఇలాజ్ వాళ్లు చెప్పారు. మెడలో తావీజ్ పడింది. ఎవరో జంగ్లీ కబూతర్ పట్టుకొచ్చారు, దాని వేడి రక్తంతో చెంపకు మాలిష్ చేశారు. ఖాలా కళ్లు మూసుకుందామంటే ఒకటే మూతపడింది, రెండోది ఆ రక్తాన్ని చూస్తూనే ఉంది. దవాఖానాకు తీసుకెళ్లింది పన్నెండో రోజున.

డాక్టర్ సాబ్ మూతి సంగతి పెద్దగా పట్టించుకోలేదు. "ఇన్నాళ్లూ కంటికి పట్టీ ఎందుకు కట్టలేదు?" అని అడిగారు. మూతపడని కన్ను ఆరిపోయి, నల్లగుడ్డు మీద పుండు పడింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

ఖాలాకు నిజంగా ఏమైందన్న సవాల్ నాతో పాటే పెరిగింది. పేపర్‌లో పనిచేస్తూ, దొరికినప్పుడల్లా ఈ మర్జ్ గురించి చదువుతూ వచ్చాను. చదివితే తెలిసిందేమిటంటే, ఆ రోజు మా ఇంట్లో జరిగిన విచారణ రెండు వేల ఏళ్లుగా నడుస్తోంది. అందులో మనవాళ్లు అనుకునే పెద్దల మాట చాలా గొప్పగా ఉంది. మనమే దాన్ని వదిలేసి కబూతర్ పట్టుకున్నాం.

ముందు ఆ లఫ్జ్ సంగతి. కితాబుల్లో అది పెద్ద ఖాఫ్‌తో రాసే లక్వా. దక్కనీ నోళ్లలో ఆ ఖాఫ్ 'ఖ' అయిపోతుంది కాబట్టి మనకు లఖ్వా. తిబ్‌లో లఖ్వా వేరు, ఫాలిజ్ వేరు. ముఖం ఒక పక్క పడిపోతే లఖ్వా, శరీరం ఒక పక్క పడిపోతే ఫాలిజ్. ఆయుర్వేదంలోనూ అర్దితం, పక్షాఘాతం అని రెండు పేర్లున్నాయి. వాడుక తెలుగులో మాత్రం రెంటినీ కలిపి పక్షవాతం అనేస్తాం. ఈ ఒక్క మాట వల్ల ఎన్ని ఇళ్లల్లో ఎంత ఖౌఫ్ పుట్టిందో! మూతి వంకర పోగానే రేపు చేయి, ఎల్లుండి కాలు అని లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు.

ముఖం వంకరపోవడాన్ని యూనాన్ హకీములు ఎప్పుడో గమనించారు. శరీరంలో ఇంకెక్కడా తక్లీఫ్ లేకుండా ముఖం మాత్రమే వంకరపోతే అది త్వరగా సర్దుకుంటుందని హిప్పోక్రటీస్ పేరున ఉన్న రాతల్లోనే ఉంది. అయితే ఆ మర్జ్‌ను దగ్గర కూర్చుని చూసినట్టు రాసినవాడు రాజీ. పూర్తి పేరు అబూ బక్ర్ మొహమ్మద్ బిన్ జకరియ్యా అల్ రాజీ. ఈరాన్‌లోని రై షహర్‌లో 865లో పుట్టాడు. రైలోనూ బగ్దాద్‌లోనూ దవాఖానాలకు పెద్దగా ఉన్నాడు. జీవితమంతా రోగుల గురించి, చదివిన కితాబుల గురించి నోట్స్ రాసుకుంటూ పోయాడు. ఆయన పోయాక షాగిర్దులు ఆ కాగితాలన్నీ పోగేసి కట్టిన బృహత్తర కితాబే 'అల్ హావీ'. అందులో ఒక అలవాటు నాకు చాలా నచ్చుతుంది. జాలీనూస్ ఇలా అన్నాడు, ఫలానా హకీం అలా అన్నాడు అని వరసగా రాసి, తన సొంత తజుర్బా చెప్పాల్సి వచ్చినప్పుడు ముందు 'లీ' అని పెడతాడు. అరబీలో లీ అంటే 'నాది' అని. ఏది విన్నది, ఏది కన్నది అన్న తేడా చెరిగిపోకుండా చూసుకున్నాడు. వార్త రాసేవాళ్లకు ఇంతకన్నా మంచి ఉస్తాద్ ఎక్కడ దొరుకుతాడు?

లఖ్వా గురించి రాజీ పట్టుకున్న సంగతులు నాలుగున్నాయి. కండరం బిగుసుకుపోయి ముఖం ఒక పక్కకు లాగడం వేరు, కండరం సడలిపోయి జారడం వేరు. రెండోది, దిమాగ్‌లో చెడు వల్ల వచ్చే వంకర వేరు, దిమాగ్ బాగానే ఉండి బయటి నసలో చెడు వల్ల వచ్చేది వేరు. మూడోది, చెహరా ఒక్కటే పడిపోయినప్పుడు ఆ పక్క నుదుటి మీద ముడతలు పడవు. నాలుగోది, అరుదుగా రెండు పక్కలా రావచ్చు. వైద్య చరిత్ర రాసేవాళ్లు మూడో నాలుగో సంగతులను రాజీ కన్నా ముందు ఎవరి రాతలోనూ చూడలేదు. నుదుటి ముడతల సంగతి చాలా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఇవాళ ఎమర్జెన్సీ వార్డులో జూనియర్ డాక్టర్ మొదట చూసేది దాన్నే. ఎందుకో తర్వాత చెప్తాను.

'అల్ హావీ'ని 1279లో సిసిలీలో ఫరజ్ బిన్ సాలిం అనే యహూదీ విద్వాంసుడు లాటిన్‌లోకి తర్జుమా చేశాడు. 1486లో ఇటలీలో అచ్చయింది. మరి అరబీ అసలు? అది అచ్చయింది మన హైదరాబాద్‌లో! నిజాం కాలంలో 1888లో పెట్టిన దాయిరతుల్ మఆరిఫ్ వాళ్లు 1955 నుంచి 23 సంపుటాలుగా వేశారు. ఉస్మానియా ఆవరణలో ఉన్న సంస్థే. ఖాలాకు లఖ్వా వచ్చేనాటికి ఆ సంపుటాలు మనకు రాత్రి బస్సు దూరంలో ఉన్నాయి. మనం కబూతర్ కోసం చెట్లు వెతికాం.

ఇక ఐరోపా. 1798లో జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో నికొలాస్ ఫ్రీడ్రిక్ అనే డాక్టర్ ముగ్గురు రోగుల కథ వివరంగా రాశాడు. సబబ్ దగ్గరికొచ్చేసరికి ఆయన కూడా చలిగాలి అన్నాడు. అంటే 'హవా లగ్‌గయీ' అన్న మా నానీ ఒంటరిది కాదు. తర్వాత నూరేళ్లకు పైగా డాక్టర్లు కూడా కిటికీ పక్కన పడుకోవడాన్నీ గుర్రబ్బండిలో చలికి ప్రయాణించడాన్నీ అడుగుతూనే ఉన్నారు. చలిగాలి నేరం ఇప్పటికీ సాబిత్ కాలేదు.

ఈ మర్జ్‌కు పేరిచ్చిన చార్ల్స్ బెల్ (1774–1842) స్కాట్లండ్ సర్జన్, మంచి చిత్రకారుడు కూడా. మనిషి కోపం, దుఃఖం, నవ్వు ముఖం మీద ఎలా కనిపిస్తాయో బొమ్మలు గీసేవాళ్ల కోసం 1806లోనే కితాబ్ రాశాడు. అటువంటివాడికి ముఖం కదిలించే నస మీద దృష్టి పడటంలో ఆశ్చర్యమేముంది. 1821లో లండన్ రాయల్ సొసైటీ ముందు తన పని పెట్టాడు. గాడిద ముఖం పక్కనున్న నసను కోస్తే ఆ పక్క ముక్కుపుటం ఆడటం మానేసింది. కదలిక ఒక నసది, స్పర్శ ఇంకో నసది అని తేలింది. ఇది కితాబీ బహస్ కాదు. అప్పటికి ముఖంలో భయంకరమైన నొప్పితో వచ్చేవాళ్లకు కొందరు సర్జన్లు ఈ కదలిక నసనే కోసేసేవారు. నొప్పి పోదు, ముఖం పడిపోతుంది. బెల్ కూడా అన్నీ సరిగ్గా చెప్పలేదు. స్పర్శ నస పెదవులను కూడా కదిలిస్తుందని పొరబడ్డాడు, వేరేవాళ్లు దిద్దారు. అయినా మర్జ్ పేరు 'బెల్స్ పాల్సీ'గా నిలిచిపోయింది. రాజీకి తొమ్మిది వందల ఏళ్ల తర్వాత అన్నమాట. నాకు ఇందులో పెద్ద గిలా లేదు. రాజీ చెహరాను చూశాడు, బెల్ చెహరా వెనక తీగను చూపించాడు.

ఆ తీగ దారి ఒకసారి చూడండి. దిమాగ్ కింద నుంచి బయల్దేరిన నస చెవి వెనకాల ఎముకలో సన్నటి సొరంగంలోంచి వంపులు తిరుగుతూ దాదాపు మూడు సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. ఆ సొరంగాన్ని ఇటలీలో ఫలోపియో 1561లో వర్ణించాడు. దాని అతి ఇరుకు చోట వెడల్పు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. వేలు వాస్తే ఉంగరం ఎలా బిగుస్తుందో, నస కాస్త వాస్తే అక్కడ అలా నలిగిపోతుంది. చుట్టూ ఎముక కాబట్టి జరిగేందుకు జాగా ఉండదు. రాత్రి బాగానే పడుకున్న మనిషి పొద్దున లేచేసరికి ముఖం పడిపోవడం వెనక ఉన్నది సాయా కాదు, ఈ ఇరుకు.

మరి నస ఎందుకు వాస్తుంది? 1907లో న్యూయార్క్ డాక్టర్ రామ్సే హంట్ ఒక జవాబు ఇచ్చాడు. కొందరిలో లఖ్వాతో పాటు చెవి దగ్గర నీటి పొక్కులు, విపరీతమైన నొప్పి ఉంటాయి. అది చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ క్రిమి నసల్లో నిద్రపోయి మళ్లీ లేవడం. 1972లో మెక్‌కార్మిక్ అనే డాక్టర్ మిగతా కేసులకు కూడా ఇలాంటి క్రిమే ఉండొచ్చన్నాడు, జ్వరం వచ్చి పోయాక పెదవి మీద పొక్కు లేపే హెర్పిస్. 1996లో జపాన్‌లో మురకామీ బృందం ఆపరేషన్ చేసిన 14 మంది బెల్స్ పాల్సీ రోగుల్లో 11 మంది నస ద్రవంలో దాని ఆనవాలు పట్టుకుంది. బలమైన గవాహీ. కేసు పూర్తిగా ముగిసిందని మాత్రం అనలేం, ఎందుకంటే ఆ క్రిమి మనలో చాలామందిలో ఊరికే పడి ఉంటుంది.

అన్ని లఖ్వాలూ ఒకటి కాదు. కోపెన్‌హాగెన్‌లో పీటర్‌సన్ అనే డాక్టర్ 25 ఏళ్ల పాటు 2,570 కేసులు చూశాడు. 1,701 మందిలో సబబ్ దొరకలేదు, వాళ్లే బెల్స్ పాల్సీ. మిగతావాళ్లలో 38 రకాల సబబ్‌లు తేలాయి. మన దగ్గర వినే సబబ్‌లు చెప్తాను. ఏళ్ల తరబడి పట్టించుకోని చెవి చీము ఎముకను తినేసి నసను చేరుతుంది. తలకు దెబ్బ తగిలితే రావచ్చు. కుష్ఠు కూడా ముఖం నసను పడుతుంది. చెంప గ్రంథిలో గడ్డ ఉంటే ముఖం వారాల తరబడి మెల్లగా పడిపోతుంది. అలా మెల్లగా పడేది బెల్స్ పాల్సీ కాదు, వెతకాలి. షకర్ ఉన్నవాళ్లలో, కడుపుతో ఉన్నవాళ్లకు చివరి మూడు నెలల్లో బెల్స్ పాల్సీ ఎక్కువగా వస్తుంది.

పీటర్‌సన్ మందులేమీ ఇవ్వకుండా గమనించిన బెల్స్ పాల్సీ రోగుల్లో 71 శాతం మందికి ముఖం పూర్తిగా మామూలైంది. కబూతర్ రక్తానికి ఇంత పేరు ఎక్కడిదో అర్థమైందా? వందలో డెబ్బై మందికి దానంతట అదే తగ్గే మర్జ్‌కు ఏం పూసినా షిఫా వచ్చినట్టే ఉంటుంది. తగ్గనివాళ్లు మొహల్లాలో కథలు చెప్పరు, దుపట్టా లాక్కుని కూర్చుంటారు.

నుదుటి సంగతికి వస్తాను. నుదుటి కండరాలకు దిమాగ్ రెండు పక్కల నుంచీ హుకుం వస్తుంది. కాబట్టి దిమాగ్‌లో ఒక పక్క రక్తం ఆగి ఫాలిజ్ వస్తే మూతి జారుతుంది గానీ నుదుటి మీద ముడతలు పడతాయి. నసే దెబ్బతింటే నుదురు కూడా నున్నగా ఉండిపోతుంది. దీన్నే ఇంట్లో చూసుకుని తీర్పు చెప్పేయకండి. మూతి వంకరతో పాటు మాట తడబడినా, చేయి లేవకపోయినా, నడక తూలినా నుదురు చూసేంత వక్త్ కూడా లేదు, బండి ఎక్కించాలి.

పోయిన ఏడాది మా దూలాభాయ్‌కి వచ్చింది. మధ్యాహ్నం అద్దంలో చూసుకుని ఫోన్ చేస్తే సాయంత్రానికి దవాఖానాలో ఉన్నాం. డాక్టరమ్మ మొదట అన్న మాట, "కనుబొమ్మలు పైకెత్తండి సార్." ఎడమ పక్క ఒక్క గీత పడలేదు. నాకు రాజీ గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. చెవిలో చూశారు, పొక్కులు వెతికారు, చేతులు కాళ్లు పరీక్షించారు. స్టెరాయిడ్ గోలీలు మొదలుపెట్టారు. షకర్ ఉన్న మనిషి కాబట్టి రోజూ రక్తం చూసుకోమన్నారు. వీటిని మూడు రోజుల్లోపు మొదలుపెట్టాలి. 2007లో స్కాట్లండ్ డాక్టర్లు అచ్చేసిన పరీక్షలో 551 మందిని చేర్చుకున్నది 72 గంటల్లోపు వచ్చినప్పుడే. తొమ్మిది నెలల తర్వాత, ప్రెడ్నిసొలోన్ తీసుకున్నవాళ్లలో 94.4 శాతం, తీసుకోనివాళ్లలో 81.6 శాతం పూర్తిగా కోలుకున్నారు. క్రిమిని చంపే మందు ఒక్కటే ఇస్తే లాభం కనిపించలేదు.

పగలు కంట్లో చుక్కలు, రాత్రి మలాం వేసి పట్టీ. ఆ పని మా ఆపా చేసింది, దువా చదువుతూనే. తావీజ్ కట్టుకున్నా ఎవరూ కాదనలేదు. రెండు నెలల్లో దూలాభాయ్ మీసం మళ్లీ సరళరేఖ అయింది.

ఖాలా ముఖం కూడా చాలావరకు సర్దుకుంది. కానీ ఒకటి మిగిలింది. దస్తర్‌ఖాన్ మీద మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆమె కుడి కంట్లోంచి నీళ్లు కారతాయి. మా ఖాలూ పోయాక మేం పిల్లలం ఆయన్ని తలచుకుని ఏడుస్తోందనుకుని గమ్మున తినేవాళ్లం. ఆమె కూడా ఏమీ అనేది కాదు. తర్వాత చదివాను, తెగిన నస మళ్లీ మొలిచేటప్పుడు నోట్లో ఉమ్మి ఊరించాల్సిన పోగు దారి తప్పి కన్నీటి గ్రంథికి పోతుందట. బొగొరాద్ అనే రష్యన్ డాక్టర్ 1928లో దీనికి మొసలి కన్నీరు అని పేరు పెట్టాడు. ఖాలాకు విడమరిచి చెప్తే చాలాసేపు నవ్వింది. "మరి ఎడమ కన్ను కూడా ఒక్కోసారి కారుతుందిగా, దాని సబబ్ నీ కితాబుల్లో ఉందా?" అని అడిగింది.

ఇప్పుడు ఆమె ప్లేటు పక్కన రుమాల్ పెట్టి వడ్డిస్తాం.